ఆవిరి లేనంత మాత్రాన

రసాయన ప్రమాదం అనగానే మనకు ముందు గుర్తొచ్చేది గాలి. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్ మీద కమ్ముకున్నది మిథైల్ ఐసోసయనేట్ వాయువు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో జనాన్ని వీధుల్లో పడగొట్టింది ట్యాంకులో వేడెక్కి బయటికి తన్నుకొచ్చిన స్టైరీన్ ఆవిరి. ఇలాంటి దుర్ఘటనలు మన భయానికి ఒక రూపం ఇచ్చాయి. ఘాటైన వాసన వస్తే ప్రమాదం, ముక్కుకు ఏమీ తెలియకపోతే క్షేమం అని తెలియకుండానే అనుకోవడం అలవాటైంది. ప్రయోగశాలల్లో పనిచేసేవాళ్లు కూడా ఈ అలవాటుకు అతీతులేమీ కారు. ఈథర్ సీసా మూత తీసేటప్పుడు పడే జాగ్రత్త, వాసన లేని చిక్కటి ద్రవాన్ని పట్టుకునేటప్పుడు సడలిపోతుంది. ఇరవయ్యో శతాబ్దం చివర్లో రసాయనశాస్త్రంలోకి అట్టహాసంగా వచ్చిన అయానిక ద్రవాల కథంతా ఈ అలవాటు చుట్టూ తిరుగుతుంది. వాటికి ఆవిరి దాదాపు లేదు. కాబట్టి అవి క్షేమకరమనీ, పర్యావరణానికి మిత్రులనీ ప్రచారం జరిగింది. ఆవిరి లేదన్న మొదటి సగం చాలావరకు నిజం, క్షేమకరమన్న రెండో సగానికి మాత్రం ఆధారం లేదు. ఆవిరి లేకపోవడం వల్ల ప్రమాదం మన శరీరాన్ని చేరే దారుల్లో ఒకటి మూతపడుతుంది, అంతే. చర్మం, నీరు, మట్టి, వేడి అనే మిగతా దారులన్నీ తెరిచే ఉంటాయి. పైగా హెచ్చరించే వాసన కూడా లేదు కాబట్టి, ఆ దారుల్లో ప్రమాదం చప్పుడు చేయకుండా వస్తుంది.

అయానిక ద్రవం అంటే మామూలు గది వేడిలోనో, కనీసం 100 డిగ్రీల సెల్సియస్ లోపలో కరిగి ద్రవంగా ఉండే లవణం. మన వంటింటి ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్ కరగాలంటే 801 డిగ్రీల వేడి కావాలి. చిన్నవైన, గుండ్రటివైన ధన, రుణ అయాన్లు అందులో ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని పేర్చినట్టు ఉంటాయి. ధన అయాన్ స్థానంలో పెద్దదైన, వంకర ఆకారం గల సేంద్రియ అయాన్‌ను పెడితే ఆ పేర్పు కుదరదు. లవణం ద్రవంగానే మిగిలిపోతుంది. పాల్ వాల్డెన్ 1914లో వర్ణించిన ఇథైల్ అమ్మోనియం నైట్రేట్ 12 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. ఆ తర్వాత చాలాకాలం ఇవి విద్యుత్ రసాయనశాస్త్రంలో ఓ మూలన ఉండిపోయాయి. అల్యూమినియం క్లోరైడ్‌తో చేసిన అయానిక ద్రవాలకు గాలిలోని తేమ సోకితే చాలు, హైడ్రోజన్ క్లోరైడ్ పొగలు కక్కేవి. అందుకే వాటిని వాడగలిగినవాళ్లు తక్కువ. 1992లో అమెరికా వైమానిక దళ అకాడమీలో జాన్ విల్క్స్, మైఖేల్ జవరోట్కో కలిసి గాలినీ నీటినీ తట్టుకునే ఇమిడజోలియం లవణాలను ప్రకటించారు. దానితో అయానిక ద్రవాలు ఒక్కసారిగా అందరి బల్లల మీదికీ వచ్చాయి.

ఆ కొత్త తరంలో అందరికీ బాగా దగ్గరైనది బ్యూటైల్ మిథైల్ ఇమిడజోలియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్. రసాయనశాస్త్రజ్ఞులు ముద్దుగా బీమిమ్ పీఎఫ్6 అంటారు. రంగు లేదు, వాసన లేదు. నీటిలో కలవకుండా అడుగున వేరు పొరగా నిలుస్తుంది. నీటికంటే సాంద్రత ఎక్కువ, స్నిగ్ధత రెండు వందల రెట్లకు పైగా ఎక్కువ. చర్య పూర్తయ్యాక పదార్థాన్ని ఈథర్‌తో లాగేసి, అడుగున మిగిలిన ద్రవాన్ని మళ్లీ వాడుకోవచ్చు. హైదరాబాద్ తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థలో జె.ఎస్. యాదవ్ బృందం 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో ఈ ద్రవంలోనూ, దీని సోదరి టెట్రాఫ్లోరోబోరేట్‌లోనూ ఎన్నో సేంద్రియ చర్యలు నడిపి ప్రచురించింది. ఆ ఉత్సాహానికి కారణం ఉంది. ప్రయోగశాలల్లో బకెట్లకొద్దీ వాడే డైక్లోరోమీథేన్ 40 డిగ్రీలకే మరిగి గాలిలో కలుస్తుంది. బెంజీన్ రక్త క్యాన్సర్ తెచ్చిపెడుతుంది. ఈథర్ ఆవిరి చిన్న నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. వాటి పక్కన ఆవిరి కాని, సులువుగా అంటుకోని, వందల డిగ్రీల వేడిని తట్టుకునే ద్రవం కనిపిస్తే ఎవరైనా వరంగానే భావిస్తారు. అయితే ఆవిరి కాదు, అంటుకోదు, చెడదు అనే ఈ మూడు మాటల్నీ తర్వాతి పరిశోధనలు ఒక్కొక్కటిగా పరీక్షించి చూశాయి. వాటి ఫలితాలు ప్రచారం అంతగా పాఠ్యపుస్తకాలకు ఎక్కలేదు.

ముందు ఆవిరి సంగతి. 2006లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన కొన్ని అయానిక ద్రవాలను తక్కువ పీడనంలో 200 నుంచి 300 డిగ్రీల మధ్య చెక్కుచెదరకుండా స్వేదనం చేయవచ్చని చూపింది. గది వేడిలో వాటి బాష్పపీడనం లెక్కలోకి రాదన్నది నిజమే గాని, వాక్యూమ్ పంపు పెట్టి గట్టిగా వేడి చేసే చోట ఆ భరోసా పనికిరాదు. ఇక మంట. అంటుకోవడానికి ఆవిరి ఉండి తీరాలన్న నియమమేదీ లేదు. అదే సంవత్సరం రాబిన్ రోజర్స్, జాన్ విల్క్స్ తదితరులు రాసిన మరో వ్యాసం, అయానిక ద్రవాల్లో పెద్ద సమూహమే మండగలదని తేల్చింది. ద్రవం తానుగా ఆవిరి కాకపోయినా, వేడికి విడిపోయి పుట్టే వాయువులు మండుతాయి. నైట్రేట్, పర్‌క్లోరేట్, అజైడ్ వంటి రుణ అయాన్లున్న ద్రవాలు ఇంకా కొంత దూరం పోతాయి; వాటిలో ఇంధనమూ, దాన్ని మండించే శక్తీ ఒకే సీసాలో ఉంటాయి. డైసయనమైడ్ అయాన్ ఉన్న కొన్ని ద్రవాలు గాఢ నైట్రిక్ ఆమ్లం తగిలిన క్షణంలో నిప్పు లేకుండానే భగ్గుమంటాయి. అమెరికా వైమానిక దళ పరిశోధకులు 2008లో దీన్ని రాకెట్ ఇంధనంగా వాడే ఉద్దేశంతోనే ప్రకటించారు. రాకెట్‌కు గుణమైనది వ్యర్థాల డబ్బాలో దోషం. అయానిక ద్రవం కదా, ఏమీ కాదులే అని మిగిలిపోయినదాన్ని ఆమ్లాల వ్యర్థాల్లో పోసే అలవాటు ఎక్కడున్నా ఈ ఒక్క ఉదాహరణ దాన్ని మాన్పించడానికి చాలు.

వేడిని తట్టుకునే శక్తి గురించి చెప్పే సంఖ్యలు మరీ మోసపుచ్చుతాయి. కేటలాగుల్లో కనిపించే 350, 400 డిగ్రీల అంకెలు ఎక్కువగా ఒకే పద్ధతిలో వచ్చినవి. రవ్వంత నమూనాను నిమిషానికి 10 డిగ్రీల చొప్పున వేడి చేస్తూ బరువు ఎప్పుడు పడిపోతుందో చూస్తారు. పొయ్యి అంత వేగంగా ఎక్కుతుంటే, నెమ్మదిగా జరిగే విచ్ఛిన్నం ఆ గ్రాఫులో కనపడే అవకాశమే లేదు. అదే ద్రవాన్ని 200 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచితే కొన్ని విడిపోవడం మొదలుపెడతాయని 2004 నాటికే తేలింది. క్లోరైడ్ లవణాలైతే మరీ ముందే లొంగిపోతాయి. ఆయిల్ బాత్ మీద రాత్రంతా చర్య నడిపే విద్యార్థికి కావలసింది రెండో అంకె. సీసా మీద అచ్చయ్యేది మొదటిది. పైకి కనిపించేదాన్ని నమ్మకూడదనడానికి హైదరాబాద్ నుంచే మరో సాక్ష్యం ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అనునయ్ సమంతా బృందం 2005లో ఈ బీమిమ్ పీఎఫ్6నే తీసుకుని, నీళ్లలా తేటగా కనిపించే ఆ ద్రవం అతినీలలోహిత కాంతిని పీల్చుకుంటుందనీ, తానుగా మెరుస్తుందనీ చూపింది. అది భద్రతకు సంబంధించిన పరిశోధన కాకపోయినా, మన కంటికి కనబడని గుణాలు ఈ ద్రవాల్లో ఎన్ని దాగి ఉంటాయో చెప్పడానికి పనికొస్తుంది.

అసలు దెబ్బ నీటి వైపు నుంచి వచ్చింది. బీమిమ్ పీఎఫ్6 నీటిలో కలవదని అందరూ చెప్పుకుంటారు గాని, తన బరువులో సుమారు 2 శాతం నీటిని అది గాలి నుంచో, పక్క పొర నుంచో తనలోకి తీసుకుంటుంది. హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ అయాన్‌లో ఒక ఫాస్ఫరస్ చుట్టూ ఆరు ఫ్లోరిన్లు ఉంటాయి. ద్రవం మొత్తం బరువులో 40 శాతం ఫ్లోరినే. నీరు, వేడి, కాస్త ఆమ్లం ఈ మూడూ కలిస్తే ఆ ఫ్లోరిన్లు ఒక్కొక్కటిగా ఊడి, వాటి చోట ఆక్సిజన్ చేరుతుంది. ఊడిన ప్రతి ఫ్లోరిన్ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంగా బయటికొస్తుంది. ఆ ఆమ్లమే మళ్లీ మిగతా అయాన్లు విడిపోవడాన్ని వేగిరపరుస్తుంది. 2003లో రిచర్డ్ స్వాట్‌లోస్కీ, జాన్ హోల్‌బ్రీ, రాబిన్ రోజర్స్ ఈ ద్రవం నుంచి ఏర్పడిన స్ఫటికాలను ఎక్స్‌రేలతో పరీక్షించి, అవి నీటితో కూడిన ఫ్లోరైడ్ లవణమని గుర్తించారు. అయానిక ద్రవాలు అన్నివేళలా హరితం కావు అన్న అర్థం వచ్చే శీర్షికతో ఆ సంగతి ప్రచురించారు. రోజర్స్ ఈ ద్రవాలను ముందుండి ప్రచారం చేసినవారిలో ఒకరు. తమ రంగానికి ఇబ్బంది కలిగించే ఫలితాన్ని తామే బయటపెట్టడం విజ్ఞానశాస్త్రంలో గౌరవించదగిన పని, దాన్ని చెప్పకుండా ఈ కథ చెప్పడం న్యాయం కాదు. టెట్రాఫ్లోరోబోరేట్ విషయంలో ఈ జలవిశ్లేషణ ఇంకా సులువుగా జరుగుతుంది. ఇదే హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ అయాన్ లిథియం లవణం రూపంలో మన ఫోన్ల, స్కూటర్ల బ్యాటరీల్లో ఉంది. బ్యాటరీ కాలినప్పుడు వచ్చే పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉండడానికి ప్రధాన మూలం అక్కడే.

హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం మిగతా ఆమ్లాల్లాంటిది కాదు. సల్ఫ్యూరిక్ ఆమ్లం పడితే వెంటనే మంట పుడుతుంది, చేయి వెనక్కి లాక్కుంటాం. 20 శాతం కంటే పలచని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పడితే నొప్పి తెలియడానికి ఒక్కోసారి 24 గంటల దాకా పడుతుంది. ఈలోగా ఫ్లోరైడ్ చర్మం దాటి, కండరం దాటి, ఎముక దాకా ఇంకిపోతూ దారిలో దొరికిన కాల్షియాన్ని పట్టేస్తుంది. రక్తంలో కాల్షియం పడిపోతే గుండె లయ తప్పుతుంది; కాలిన గాయం చిన్నదైనా ప్రాణం పోవచ్చు. కాల్షియం అంటే ఫ్లోరైడ్‌కు ఎంత ప్రీతో నల్లగొండ పల్లెల్లో వంగిపోయిన ఎముకలు చూసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. అక్కడ బోరునీటితో ఏళ్లూ పూళ్లూ పట్టే బంధమే ఇక్కడ గంటల్లో జరిగిపోతుంది. అందుకే దీనికి ప్రథమ చికిత్స కూడా వేరు. వెంటనే ధారాళంగా నీటితో కడిగి, 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్‌ను నొప్పి తగ్గేదాకా రుద్దుతూ, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడి డాక్టరుకు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం అని స్పష్టంగా చెప్పాలి. అయానిక ద్రవం పడింది అని మాత్రమే చెబితే చాలామందికి అర్థం కాదు.

పనిలో పాటించాల్సిన జాగ్రత్తలన్నీ ఈ రసాయనం నుంచే వస్తాయి, ఎక్కడో రాసిపెట్టిన నియమావళి నుంచి కాదు. నీరు ఆరంభకారణం కనుక సీసాను బిగుతైన మూతతో, నైట్రోజన్ కింద లేదా డెసికేటర్‌లో ఉంచాలి. తెరిచిన తేదీ మీద రాయాలి. ఏళ్ల కిందట తెరిచి అలమరలో మరిచిపోయిన సీసాను కొత్తదానితో సమానంగా చూడకూడదు. తేమ ఉన్న ద్రవాన్ని ఆరబెట్టాలని ఒక్కసారిగా 100 డిగ్రీలకు పైగా వేడి చేయడం అన్నిటికంటే చెడ్డ పని. నీరు, వేడి రెండూ కలిసేది సరిగ్గా అప్పుడే. తక్కువ వేడిలో, మంచి వాక్యూమ్ కింద, ఎక్కువ సమయం తీసుకుని ఆరబెట్టాలి. వాడిన ద్రవాన్ని మళ్లీ వాడేముందు కొంచెం నీటితో కలిపి, ఆ నీటి పొరను పీహెచ్ కాగితంతో చూస్తే ఆమ్లం పుట్టిందో లేదో నిమిషంలో తెలుస్తుంది. గాజు ఫ్లాస్కు లోపలి గోడ మసకబారితే అది మురికి అనుకుని తోమేయకూడదు, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాజును తింటుంది. అనుమానం ఉన్న ద్రవాన్ని ప్లాస్టిక్ సీసాలోకి మార్చడం మేలు. వేడి చేసే పని ఏదైనా ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి. గది వేడిలో ఆవిరి లేదన్న మాట అక్కడ వర్తించదు. చిక్కటి ద్రవాన్ని సిరంజిలోంచి సన్నటి సూది గుండా బలంగా నెడితే సూది ఊడి ద్రవం మొహం మీదికి చిమ్మవచ్చు. కళ్లద్దాలు లేకుండా ఆ పని చేయకూడదు.

ఒలికిన బొట్టు సంగతి కూడా ఆలోచించదగినదే. అసిటోన్ ఒలికితే ఐదు నిమిషాల్లో ఆరిపోతుంది. ఆ ఆవిరి మంచిది కాకపోయినా బల్ల మాత్రం శుభ్రపడుతుంది. అయానిక ద్రవం ఒలికితే ఎన్నాళ్లకైనా అక్కడే ఉంటుంది. తలుపు పిడి మీద, త్రాసు మీటల మీద, ఫోను మీద పలచటి పొరగా అంటుకుని, ఆ రోజు ఆ ప్రయోగంతో సంబంధమే లేని మనిషి చేతికి చేరుతుంది. వాసన లేదు కాబట్టి ఎవరికీ తెలియదు. నేల మీద పడితే జారుడు కూడా. ఆవిరి కాకపోవడాన్ని భద్రతగా లెక్కపెట్టినవారు, అదే గుణం దాన్ని పోకుండా నిలబెడుతుందన్న రెండో లెక్క వేయలేదు. వర్మిక్యులైట్ వంటి పొడిని చల్లి పీల్చుకోనిచ్చి, దాన్ని వ్యర్థంగా తీసి, మిగిలిన జిడ్డును ఆల్కహాల్‌తోనూ సబ్బునీటితోనూ తుడవాలి. వాడిన గ్లవ్స్‌తో గదిలో తిరగడం మానేస్తే ఈ బెడదలో సగం తగ్గుతుంది.

నీరు తగలకుండా, వేడి తగలకుండా చూసుకున్నా ధన అయాన్ ప్రమాదం ధన అయాన్‌దే. ఇమిడజోలియం వలయానికి తగిలించిన కార్బన్ గొలుసు ఎంత పొడుగైతే అది జీవకణాల పొరలోకి అంత సులువుగా చొచ్చుకుపోతుంది, సబ్బు అణువులా. మెరిసే సముద్ర బాక్టీరియా మీద చేసిన పరీక్షల్లో నాలుగు కార్బన్ల గొలుసు నుంచి ఎనిమిది కార్బన్లకు వెళ్లేసరికి విషతీవ్రత వందల రెట్లు పెరిగింది. జర్మనీలోని బ్రెమెన్ విశ్వవిద్యాలయంలో బెర్న్డ్ యాస్టర్ఫ్ బృందం ఈ క్రమాన్ని ఓపికగా నమోదు చేసింది. ఇటలీలోని పీసాలో 2006లో జీబ్రా చేపల మీద చూస్తే, పరీక్షించిన ఇమిడజోలియం ద్రవాలకు చేపలు తట్టుకున్నాయి గాని కొన్ని అమ్మోనియం ద్రవాలు అతి తక్కువ మోతాదులోనే చంపేశాయి. అంటే అయానిక ద్రవాలు విషమా కాదా అన్న ప్రశ్నకు జవాబు లేదు; ఏ అయానిక ద్రవం అన్నది ముందు చెప్పాలి. ఇంగ్లండ్‌లో న్యూకాసిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. అక్కడి ఒక చెత్త పూడ్చిన స్థలం చుట్టుపక్కల మట్టిలో ఆక్టైల్ మిథైల్ ఇమిడజోలియం దొరికింది. అది కాలేయ కణాల్లోని మైటోకాండ్రియాను దెబ్బతీస్తుందనీ, శరీరంలో మారి ఏర్పడే ఒక ఆమ్లం లిపోయిక్ ఆమ్లాన్ని పోలి ఉంటుందనీ వారు చూపారు. పైత్యరస నాళాల మీద శరీరమే దాడి చేసే ఒక దీర్ఘకాలిక కాలేయ వ్యాధికి ఇది ప్రేరకం కావచ్చని అనుమానించారు. అనుమానమే, నిరూపణ కాలేదు. కానీ ప్రయోగశాల దాటి రాదనుకున్న పదార్థం మట్టిలో దొరికిందన్నది మాత్రం అనుమానం కాదు, కొలత.

నీటితో విడిపోయే హెక్సాఫ్లోరోఫాస్ఫేట్‌తో విసిగిన రసాయనశాస్త్రజ్ఞులు, ఎంత నీరు తగిలినా చెక్కుచెదరని బిస్‌ట్రైఫ్లోరోమిథైల్‌సల్ఫోనైల్ ఇమైడ్ అనే రుణ అయాన్‌కు మారారు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం బెడద దానితో తీరింది. కానీ విడిపోకపోవడమే గుణమైన పదార్థం ప్రకృతిలోనూ విడిపోదు. ఈ అయాన్ ఎన్నటికీ చెరగని ఫ్లోరిన్ రసాయనాల కుటుంబానికే చెందుతుంది. ఈ కుటుంబపు అయాన్లు అమెరికాలోని మిన్నెసోటా, కెంటకీలలోనూ, బెల్జియం, ఫ్రాన్సులలోనూ తయారీ కర్మాగారాల దగ్గర నీటిలో, మట్టిలో ఉన్నట్టు 2024లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రిక ప్రచురించింది. వాటికి ప్రధాన కారణంగా ఆ అధ్యయనం చూసింది లిథియం బ్యాటరీల పరిశ్రమను. అయానిక ద్రవాల మీద మొత్తం నేరం మోపడం సరికాదు. అయినా అయాన్ ఒక్కటే. ఆవిరి కాని పదార్థం ఎక్కడ తేలుతుందో తెలుగు నేలకు తెలియనిది కాదు. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అయానిక ద్రవం కాదు గాని, గాలిలోకి పోలేని, సూక్ష్మజీవులు సులువుగా తినలేని అణువుకు మిగిలేది నీటి దారే అన్నది రెండింటికీ వర్తిస్తుంది.

ఇంతా విని, పాత ద్రావణుల కంటే ఇవే నయం కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. గదిలో గాలిని మాత్రమే చూస్తే అవును, నయమే. మొత్తం చూడాలంటే ఆ ద్రవం పుట్టుక కూడా చూడాలి. ఇమిడజోలియం లవణాన్ని తయారు చేయడానికి, కడిగి శుద్ధి చేయడానికి ఇథైల్ అసిటేట్, అసిటోనైట్రైల్ వంటి ఆవిరయ్యే ద్రావణులే వాడతారు. చర్య అయ్యాక పదార్థాన్ని అందులోంచి లాగడానికి మళ్లీ ఈథరే. ఒకటి రెండుసార్లు వాడి పారబోస్తే ఆ లెక్క నష్టంలో తేలుతుంది, పది ఇరవై సార్లు శుభ్రంగా తిరిగి వాడగలిగితేనే లాభం. అయితే లాభం నిజంగా వచ్చిన చోటు కూడా ఉంది. పెట్రోలు శుద్ధి కర్మాగారాల్లో ఆల్కైలేషన్ అనే దశకు టన్నులకొద్దీ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడేవారు, ఇంకా వాడుతున్నారు. 2019 జూన్ 21న ఫిలడెల్ఫియా రిఫైనరీ పేలినప్పుడు రెండు టన్నులకు పైగా ఆ ఆమ్లం బయటపడింది. షెవ్రాన్ సంస్థ తన సాల్ట్ లేక్ సిటీ రిఫైనరీలో 2021లో ఆ ఆమ్లం స్థానంలో క్లోరోఅల్యూమినేట్ అయానిక ద్రవాన్ని ప్రవేశపెట్టింది. ఈ ద్రవానికీ తేమ పడదు, తగిలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, తాకితే చర్మం కాలుతుంది. కానీ విషమేఘంగా లేచి ఊరి మీదికి పోదు. ఒక అయానిక ద్రవం హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని ఊరికి దూరం చేసింది. ఇంకొకటి దాన్నే విద్యార్థి ఫ్లాస్కులో పుట్టిస్తుంది. రెండింటికీ ఒకే మెచ్చుకోలో, ఒకే నిందో సరిపోదు.

పరిమాణం చిన్నది కదా, పది గ్రాములకు ఇంత భయమెందుకు అన్నది ఇంకో అభ్యంతరం. పది గ్రాముల బీమిమ్ పీఎఫ్6లో నాలుగు గ్రాముల ఫ్లోరిన్ ఉంది. అదంతా ఒకేసారి విడుదల కాదు, సరిగ్గా వాడితే దాదాపు ఏమీ విడుదల కాదు. సరిగ్గా వాడడం అంటే ఏమిటో తెలియనప్పుడే ఆ చిన్న పరిమాణం పెద్దదవుతుంది. ఇక మూడో మాట, ఈ రంగంలోని వాళ్లు తరచూ చెప్పేది: అయాన్లను మనమే ఎంచుకోవచ్చు కదా, క్షేమమైన జంటనే కలుపుకుందాం అని. ఇది వీటి అసలైన బలం, నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. పక్క గొలుసులో ఎస్టర్ బంధం పెడితే సూక్ష్మజీవులు దాన్ని తెంచగలవని నికొలస్ గాథర్‌గుడ్, పీటర్ స్కామెల్స్ చూపారు. ఆక్టైల్ సల్ఫేట్ వంటి రుణ అయాన్లు నేలలో విడిపోతాయి. కోలీన్‌తో, అమైనో ఆమ్లాలతో చేసినవి ఇంకా సౌమ్యంగా ఉన్నాయి. కాకపోతే తెగడానికి వీలుగా పెట్టిన బంధం ఫ్లాస్కులో కూడా తెగుతుంది. ప్రయోగంలో దృఢత్వం, ప్రకృతిలో విచ్ఛిన్నం రెండూ ఒకే అణువు నుంచి కోరడం కష్టం. పైగా సాధ్యమైన జంటలు లక్షల్లో ఉంటే పూర్తిగా విషపరీక్షలు జరిగినవి వాటిలో కొద్దిపాటివే. భద్రతా పత్రం తెరిస్తే జలచరాలపై ప్రభావం, దీర్ఘకాలిక ప్రభావం అన్న గళ్లలో సమాచారం అందుబాటులో లేదు అని కనిపిస్తుంది. ఆ మాటను హాని లేదు అని చదవడం పెద్ద పొరపాటు. పరీక్షించలేదు అన్నదే దాని అర్థం, కనుక అలాంటి పదార్థాన్ని తెలిసిన విషంతో సమానంగా పట్టుకోవాలి.

వ్యర్థాల దగ్గర ఈ నియమం ఇంకా కఠినంగా ఉండాలి. సింకులో పోయడం ఎట్టి పరిస్థితిలోనూ కుదరదు. మురుగునీటి శుద్ధి కేంద్రాల్లోని సూక్ష్మజీవులు చాలా ఇమిడజోలియం వలయాలను తెంచలేవు, పొడవు గొలుసు ఉన్నవి ఆ సూక్ష్మజీవులనే చంపుతాయి. ప్రత్యేక డబ్బా పెట్టి, దాని మీద ధన అయాన్ పేరు, రుణ అయాన్ పేరు రెండూ విడివిడిగా రాయాలి. ఫ్లోరిన్ ఉన్నదా, నైట్రేట్ లేదా డైసయనమైడ్ ఉన్నదా అన్నది దహనం చేసేవారికి తెలియాలి. ఫ్లోరిన్ ఉన్నదాన్ని మామూలు కొలిమిలో కాలిస్తే మళ్లీ హైడ్రోజన్ ఫ్లోరైడే పైకి లేస్తుంది. హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లోనూ, విశాఖపట్నం దగ్గర పరవాడలోనూ ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే కేంద్రాలున్నాయి. కాలేజీలు, విశ్వవిద్యాలయాల రసాయనశాస్త్ర విభాగాలు తమ చిన్న చిన్న డబ్బాలను ఏడాదికోసారైనా కలిపి అలాంటి చోటికి పంపే ఏర్పాటు చేసుకోవాలి. మీ ప్రయోగశాలలో హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ గానీ టెట్రాఫ్లోరోబోరేట్ గానీ ఉన్నట్టయితే, ప్రథమ చికిత్స పెట్టెలో కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఉందో లేదో, ఉంటే దాని గడువు ఎప్పటిదాకా ఉందో రేపు సీసా మూత తీసేముందే చూడండి. లేకపోతే అది వచ్చేదాకా ఆ సీసా తెరవకండి.